ఊహ సాక్ష్యం చెబుతుందా?

జాషువా 'గబ్బిలం' పాఠం చెబుతున్న రోజున వెనకబల్ల విద్యార్థి ఒకడు లేచి అడిగాడు: "సార్, గబ్బిలానికి మన మాట అర్థం కాదు. అది కాశీ దాకా ఎగిరిపోయి శివుడి చెవిలో విన్నపం చెప్పడం జరిగే పని కాదు. జరగని దాన్నుంచి జరుగుతున్న దాన్ని గురించి మనకేం తెలుస్తుంది?"

అది కవి కల్పన అనీ, సందేశకావ్య సంప్రదాయమనీ ఏదో సమాధానం చెప్పి గంట గడిపాను. ఆ జవాబు అతనికీ తృప్తి కలిగించలేదు, నాకూ కలిగించలేదు. ఆ సాయంకాలం ఈ సంగతి చెబితే మన సంఘంలోనే పనిచేసే మిత్రుడు ఒకరు ఇలా అన్నారు: "కుర్రవాడు సరిగానే అడిగాడు. అందుకే నేను ఊహలు కట్టిపెట్టి వున్నది వున్నట్లు వ్రాయమంటాను. ఆకలిని ఆకలి అంటే చాలదా? మధ్యలో గబ్బిలాలెందుకు?"

పైకి ఈ రెండు అభ్యంతరాలూ వేరువేరుగా కనబడతాయి. మొదటిది శాస్త్రం పేర వచ్చింది, రెండవది వాస్తవికత పేర వచ్చింది. కాని రెండింటి మూలమూ ఒకటే. ఊహకూ వాస్తవానికీ మధ్య వైరం వున్నదనీ, ఒక అడుగు ఊహవైపు వేస్తే ఒక అడుగు వాస్తవానికి దూరమైనట్లేననీ ఇద్దరి నమ్మకమూను. ఈ నమ్మకం సరైనది కాదని నా అభిప్రాయం. అంతే కాదు, ఇది మనకు నష్టం చేస్తున్న నమ్మకం. ఊహను మనం వదిలేస్తే అది ఎవరికీ చెందకుండా గాలిలో వుండిపోదు. ఎదుటి పక్షం దాన్ని తీసుకుని వాడుకుంటుంది, వాడుకుంటూనే వున్నది కూడా. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందుగా శాస్త్రం సంగతి చూద్దాం. శాస్త్రజ్ఞుడు ఊహను దరి చేరనివ్వడనుకోవడం శాస్త్ర చరిత్ర తెలియక అనుకునే మాట. బరువైన వస్తువు తేలిక వస్తువుకంటె వేగంగా నేలకు పడుతుందని అరిస్టాటిల్ నాటినుంచీ పండితుల నమ్మకం. 1638లో అచ్చయిన 'రెండు నూతన శాస్త్రాలు' అనే సంభాషణ గ్రంథంలో గెలీలియో ఒక చిన్న ప్రశ్న వేశాడు. పెద్ద రాయినీ చిన్న రాయినీ కలిపి కట్టి వదిలితే ఏమవుతుంది? చిన్న రాయి నెమ్మదిగా పడేది గనక పెద్ద రాయిని వెనక్కు పట్టి లాగాలి. అంటే ఆ జంట ఒంటరి పెద్ద రాయికంటె నెమ్మదిగా పడాలి. కాని రెండూ కలిసిన తరువాత బరువు పెరిగింది గనక అది పెద్ద రాయికంటె వేగంగా కూడా పడాలి! ఒకే నమ్మకంలోనుంచి పరస్పరం పొసగని రెండు ఫలితాలు పుట్టాయి. కాబట్టి తప్పు ఆ నమ్మకంలోనే వున్నది.

ఇక్కడ గెలీలియో ఒక్క రాయి కూడా పైనుంచి వదలలేదు. అయినా రెండు వేల సంవత్సరాలనాటి ఒక అభిప్రాయం నిలువలేకపోయింది. దీనినే శాస్త్రజ్ఞులు ఊహాప్రయోగం అంటారు. ఇందులో మూడు లక్షణాలు కనబడుతున్నాయి. ఒకటి, లోకంలో అన్నిటినీ వున్నవి వున్నట్లే వుంచి ఒక్కదాన్ని మాత్రమే మారుస్తాం. రెండు, ఆ మార్పు వల్ల కలగవలసిన ఫలితాన్ని మన ఇష్టాన్ని బట్టి గాక, ఎదుటివాడు ఒప్పుకున్న నియమాన్ని బట్టే నడవనిస్తాం. మూడు, ఆ నడకలో ఎక్కడ వైరుధ్యం బయటపడుతుందో అక్కడ ఆగి, దానికి కారణమైన నమ్మకాన్ని పట్టుకుంటాం.

అయితే ఆ తరువాతి సంగతి కూడా చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్లవుతుంది. బరువును బట్టి వేగం మారదని ఊహ చెప్పగలిగింది గాని, పడే వస్తువు క్షణక్షణానికీ ఎంత వేగం పుంజుకుంటుందో ఊహ చెప్పలేకపోయింది. అందుకోసం గెలీలియో వాలుబల్ల మీద గుండ్లు దొర్లించి, కాలాన్ని కొలవవలసి వచ్చింది. ఊహ అబద్ధాన్ని తొలగించింది. నిజాన్ని చేతులతో కొలిచి తెలుసుకోవలసి వచ్చింది. ఈ తేడాను మనం చివరిదాకా మరచిపోకూడదు.

ఊహాప్రయోగం అనే మాటను ప్రచారంలోకి తెచ్చినవాడు పంతొమ్మిదవ శతాబ్దం చివర ఎర్న్‌స్ట్ మాహ్. అంతకు చాలా ముందే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అర్‌స్టెడ్ ఆ మాట వాడాడు. మాహ్ పేరు వినగానే మన పాఠకులలో కొందరు నొసలు చిట్లించవచ్చు. 1909లో లెనిన్ వెలువరించిన 'భౌతికవాదమూ, అనుభవవాద విమర్శా' అనే గ్రంథం ప్రధానంగా మాహ్ తత్వాన్ని ఖండించడానికే వ్రాసింది. కాని లెనిన్ ఖండించింది, వస్తు ప్రపంచాన్ని ఇంద్రియానుభూతుల మూటగా చేసి చూపే భావవాదాన్ని. రాళ్ళు కలిపి కడితే ఏమవుతుందని అడగడాన్ని కాదు. ఒక పనికి పేరు పెట్టినవాడి తత్వం తప్పయితే ఆ పని తప్పయిపోదు. గెలీలియో ఆ పని చేసేనాటికి మాహ్ ఇంకా పుట్టలేదు.

పోనీ, ఇది పడమటినుంచి దిగుమతి అయిన సరుకా అంటే అదీ కాదు. న్యాయసూత్రాలలో తర్కానికి నిర్వచనం చెప్పేటప్పుడు వాడిన మాటే 'ఊహ'. కొండ మీద పొగ కనబడుతోంది. అక్కడ నిప్పు లేదని ఎదుటివాడంటాడు. 'సరే, నిప్పు లేదనుకుందాం. అప్పుడు పొగ కూడా వుండకూడదు గదా' అని నైయాయికుడు అడుగుతాడు. ఎదుటివాడి మాటను తాత్కాలికంగా ఒప్పుకుని దాని ఫలితాన్ని వాడి ముందే పెట్టడం ఇది. అయితే నైయాయికులు తర్కాన్ని ప్రత్యక్షం, అనుమానం వంటి ప్రమాణాలలో చేర్చలేదు. అది స్వయంగా ప్రమాణం కాదనీ, ప్రమాణానికి అనుగ్రాహకమనీ, అంటే తోడ్పడేదనీ అన్నారు. గెలీలియో రాళ్ళకూ వాలుబల్లకూ వున్న సంబంధాన్ని ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. మాధ్యమిక బౌద్ధుడైన నాగార్జునుడు ఈ పద్ధతిని మరింత పదునుపెట్టి, ప్రతివాది సిద్ధాంతంలోనుంచే దానికి గిట్టని ఫలితాన్ని రాబట్టడమే తన వాదంగా చేసుకున్నాడు. ఆయన పేరును సంప్రదాయం మన మాచర్ల దాపున, ఇప్పుడు జలాశయం మధ్య మిగిలిన నాగార్జునకొండకు ముడిపెట్టింది. ఆ ముడి చారిత్రకంగా ఎంత గట్టిదైనా కాకపోయినా, ఆ పద్ధతి పల్నాటి గడ్డకు పరాయిది కాదని చెప్పుకోవడానికి చాలు.

ఇక సమాజం సంగతి. రాళ్ళకు కులం లేదు, ఆస్తి లేదు, జ్ఞాపకం లేదు. మనుషుల విషయంలో 'అన్నిటినీ వున్నట్లే వుంచి ఒక్కదాన్ని మార్చడం' అంత తేలిక కాదు. మార్చేవాడు తెలిసిగాని తెలియకగాని ఒక్కదానితోపాటు పది మార్చేస్తాడు. ఆ పదింటినీ మన కంటికి కనబడకుండా దాచేస్తాడు. ఊహాప్రయోగంలో మోసానికి తావున్న చోటు ఇదే.

రాబిన్సన్ క్రూసోను చూడండి. 1719లో డీఫో వ్రాసిన ఆ నవలలోని ఒంటరి మనిషిని పట్టుకుని ఎందరో ఆర్థికవేత్తలు మానవ సమాజపు ఆది రూపం ఇదేనన్నట్లు సిద్ధాంతాలు అల్లారు. 1857లో తన ఆర్థిక పరిశోధనకు వ్రాసుకున్న ఉపోద్ఘాతంలో మార్క్స్ ఈ ధోరణిని ఎగతాళి చేశాడు. ఆ ఒంటరి మనిషి ఒంటరివాడు కాడు. పగిలిన ఓడనుంచి పనిముట్లు తెచ్చుకున్నాడు, తుపాకులు తెచ్చుకున్నాడు, సిరా, కలం తెచ్చుకుని లెక్కలు కూడా వ్రాసుకున్నాడు. వాటిలో వేల మంది శ్రామికుల చెమట వున్నది. ఆ తరువాత దొరికిన మనిషిని సేవకుడుగా పెట్టుకున్నాడు. సమాజాన్ని తీసేశామని చెప్పి, సమాజాన్నంతా సంచిలో వేసుకుని దీవికి పోవడమన్నమాట!

అయినా మార్క్స్ ఊహను నిషేధించలేదు. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటం మొదటి అధ్యాయంలో ఆయనే రాబిన్సన్‌ను తిరిగి రంగం మీదికి తెచ్చాడు. ఆ వెంటనే, ఉత్పత్తి సాధనాలు ఉమ్మడిగా వుంచుకుని పనిచేసే స్వేచ్ఛా మానవుల సంఘాన్ని ఒకదాన్ని ఊహించుకోమని పాఠకుణ్ణి అడిగాడు. ఎందుకు? సరుకుల ప్రపంచంలో మనుషుల మధ్య సంబంధాలు వస్తువుల మధ్య సంబంధాలుగా కనబడడం ప్రకృతి సహజం కాదని చూపడానికి. ఊహించడం తప్పని మార్క్స్ అనలేదు. ఊహించేటప్పుడు దేన్ని దాచిపెట్టావని అడిగాడు. అభ్యుదయ విమర్శకుడు నేర్చుకోవలసింది ఆ ప్రశ్నే.

ఈ ప్రశ్నతో మన కాలపు ఊహాప్రయోగాలను కొన్నిటిని పరీక్షించవచ్చు. 1967లో ఫిలిప్పా ఫుట్ అనే బ్రిటిష్ తత్వవేత్త ఒక ట్రాము కథ చెప్పింది. ట్రాము అదుపు తప్పింది. పట్టాల మీద అయిదుగురు పనివాళ్ళున్నారు. పక్క దారికి మళ్ళిస్తే అక్కడ ఒక్కడే వున్నాడు. నడిపేవాడు ఏం చెయ్యాలి? ఉద్దేశించి చేసే కీడుకూ, ముందుగా తెలిసి జరగనిచ్చే కీడుకూ వున్న భేదాన్ని పరిశీలించడానికి ఆమె దాన్ని వాడింది. అంతవరకూ దాని ప్రయోజనాన్ని కాదనలేము. కాని తరువాత అది తరగతి గదులలో ఒక ఆటగా మారింది. నడుస్తున్న పట్టాల మీద పనివాళ్ళను ఎవరు నిలబెట్టారు? బ్రేకులు చూడవలసిన యజమాని ఏమైనాడు? ఈ ప్రశ్నలు ఆటలో నిషిద్ధం. ఎవరు చావాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రమే మనకిచ్చి, చావు ఎందుకు వచ్చిందో అడిగే హక్కును లాగేసుకునే ఊహ అది.

1971లో జాన్ రాల్స్ చెప్పిన 'అజ్ఞానపు తెర' ఇంతకంటె మేలైనది. సమాజ నియమాలు నిర్ణయించేవాడు తాను ఏ ఇంట పుడతాడో, ఎంత ఆస్తితో పుడతాడో తెలియకుండా తెర వెనక కూర్చుని నిర్ణయించాలి. ఈ తెరను మన పల్లెకు పట్టుకురండి. తాను ఊళ్ళో పుడతాడో వాడలో పుడతాడో తెలియనివాడు ఊరికి వాడ ఎడంగా వుండాలని చస్తే ఒప్పుకోడు. అంటే ఆ ఏర్పాటును సమర్థించేవాడు తన పుట్టుక ముందే తెలిసినవాడై వుండాలి. ఇంతవరకు బాగానే వున్నది. కాని తెర వెనక కూర్చున్నవాడికి తన గతం జ్ఞాపకం లేదు. చరిత్రలో లాక్కున్న భూమి ఎవరిదో అతను చెప్పలేడు. అన్యాయం అన్యాయమని చెబుతాడు గాని, దాన్ని తలకిందులు చేసే శక్తి ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేడు.

ఇక మన అధ్యాపకుల గదులలోనూ, రైలు పెట్టెలలోనూ, పెళ్ళి పందిళ్ళలోనూ నిత్యం వినబడే ఊహాప్రయోగం ఒకటి వున్నది. దానికి తత్వశాస్త్ర గ్రంథాలలో పేరు లేదు గాని దాని పలుకుబడి రాల్స్ తెర కంటె ఎక్కువ. 'నీకు ఆపరేషను చెయ్యాలనుకో. ఒక డాక్టరు మార్కులతో సీటు తెచ్చుకున్నవాడు, మరొకడు రిజర్వేషనులో తెచ్చుకున్నవాడు. ఎవరి దగ్గరికి పోతావు?' ఈ మాట అన్నవాడు చదువుకున్నవాడే అయివుంటాడు. వినేవాడు ఒక క్షణం తడబడతాడు. నా విద్యార్థులు తడబడడం నేను చూశాను. ఆ తడబాటు కోసమే ఆ ప్రశ్న పుట్టింది.

దీనిని మూడు లక్షణాలతో పరీక్షించండి. 'ఒక్కటి మాత్రమే మార్చాను' అని చెప్పే ఈ ప్రయోగం నిజానికి ఏం దాచింది? ఇద్దరూ ఒకే కళాశాలలో ఒకే పాఠం చదివి, ఒకే పరీక్ష ప్యాసయితేనే డాక్టర్లవుతారు. రిజర్వేషను తలుపు దగ్గర వున్నది. పట్టా దగ్గర లేదు. ఈ సంగతిని దాచింది. పైగా ప్రైవేటు వైద్య కళాశాలలలో యాజమాన్యపు కోటా కింద లక్షలకు లక్షలు పోసి సీటు తెచ్చుకునే మూడవ డాక్టరు వున్నాడు. అతణ్ణి ఈ కథలోకి రానివ్వలేదు. అతణ్ణి రానిచ్చి మళ్ళీ ప్రశ్న వెయ్యండి: తక్కువ మార్కులతో వచ్చినవాడి చెయ్యి వణుకుతుందన్న నియమం ఎదుటివాడు ఒప్పుకున్నదే గదా, మరి డబ్బుతో వచ్చినవాడి చెయ్యి ఎందుకు వణకదు? ఈ ప్రశ్నకు జవాబు రాదు. మార్కుల మాట అడ్డం పెట్టుకున్న అసలు మాట పుట్టుకేనని తేలిపోతుంది. ఊహాప్రయోగాన్ని ఊహాప్రయోగంతోనే కొట్టవలసి వస్తుందని ఇందుకే అంటున్నాను. 'ఊహలు మాకెందుకు' అన్నవాడు ఈ ప్రశ్న ముందు నోరు తెరవలేడు.

ఇప్పుడు 'గబ్బిలం' దగ్గరికి వద్దాం. మన నరసరావుపేటకు దాపున వున్న వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఆ కావ్యాన్ని 1941లో ప్రకటించాడు. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడడానికి అది రెండేళ్ళ ముందు మాట. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడు భార్యకు మేఘం ద్వారా కబురు పంపాడు. జాషువా కావ్యంలో అంటరానివాడొకడు, రాత్రివేళ తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి తన బాధ నివేదించుకున్నాడు. పూజారి చూడని సమయంలో దేవుడి చెవిన వెయ్యమని బ్రతిమాలుకున్నాడు.

ఈ రెండింటి పోలికను మన పాఠ్యగ్రంథాలు చెబుతూనే వున్నాయి. తేడాను మాత్రం అంతగా చెప్పవు. యక్షుడి శాపానికి గడువున్నది, ఒక్క సంవత్సరం. అంటరానివాడి శాపానికి గడువు లేదు. యక్షుడు తప్పు చేసి శిక్ష పొందాడు. ఇతను పుట్టడమే చేసిన తప్పు. యక్షుడి కబురు అందవలసింది అతని కోసం ఎదురుచూస్తున్న మనిషికి. ఇతని కబురు అందవలసింది ఇతణ్ణి ఇంతవరకు దగ్గరకు రానివ్వని దేవుడికి. ఇవన్నీ ఒక ఎత్తు. దూతను ఎన్నుకోవడం మరొక ఎత్తు. మేఘం బదులు మరొక మేఘమే అయితే జాషువా కావ్యం మంచి అనుకరణగా మిగిలిపోయేది. హంస అయితే శృంగారమయ్యేది. గబ్బిలం కావడం చేత అది పరీక్ష అయింది.

ఎట్లాగంటారా? గుడి, దేవుడు, పూజారి, ద్వారబంధం, అన్నీ వున్నవి వున్నట్లే వున్నాయి. లోపలికి పోయే ప్రాణి మాత్రం మారింది. ఇప్పుడు మనిషిని ఆపడానికి ఇంతకాలం చెప్పిన కారణాలను ఒక్కొక్కటే తీసి చూడండి. అశుచి అన్నారు. గబ్బిలాలున్న గుడికి వెళ్ళి చూసినవాడికి ఆ కంపు ఏమిటో, కప్పు కింద నేల ఎట్లా వుంటుందో చెప్పనక్కరలేదు. మంత్రం రాదన్నారు, గబ్బిలానికి వచ్చునా? భక్తి చాలదన్నారు, తలకిందులుగా వేలాడడం తపస్సు అయితే తప్ప దానికి భక్తి ఏమున్నది? పుట్టుక నీచమన్నారు, దానిది మానవజన్మే కాదు. శుభమా అంటే, గబ్బిలం ఇంట్లో దూరడమే అపశకునమని మన పెద్దలు ఇల్లు విడిచిపెట్టిన రోజులున్నాయి. చెప్పిన కారణమల్లా గబ్బిలానికి మనిషికంటె రెట్టింపు వర్తిస్తుంది. అయినా అది లోపల వున్నది, మనిషి బయట వున్నాడు. అయితే చెప్పిన కారణాలేవీ కారణాలు కావు. కారణం మరొకచోట వున్నది. గబ్బిలం లోపలికి పోతే ఎవరి పొలానికీ కూలీ తగ్గదు. ఎవరి పెత్తనానికీ లోటు రాదు. మనిషి లోపలికి పోతే రెండూ కదులుతాయి.

గెలీలియో రెండు రాళ్ళతో చేసినది జాషువా ఒక పక్షితో చేశాడు. పక్షి అనడం కూడా పొరపాటే. గబ్బిలం పక్షి కాదు, పాలిచ్చే జంతువు. అటు పక్షుల్లోనూ చేరక, ఇటు మృగాల్లోనూ చేరినట్లు కనబడక, ఎవరి లెక్కలోనూ ఇమడని ప్రాణిని, ఏ వర్ణంలోనూ చోటివ్వని మనిషి నేస్తంగా ఎంచుకోవడంలో కవికి వున్న చూపు అది.

మరి నా విద్యార్థి ప్రశ్న? గబ్బిలం మాట్లాడదన్నాడు, నిజమే. కాని ఈ ప్రయోగానికి బలం గబ్బిలం మాట్లాడడంలో లేదు. గబ్బిలం గుడిలో వుండడంలో వున్నది. అది ఊహ కాదు. అందరూ కళ్ళారా చూసినది. కబురు మోయడం ఒక్కటే కల్పన; ఆ కల్పన లేకపోతే మనం ఆ చూసినదాన్ని పట్టించుకోము. థామస్ కూన్ అనే విజ్ఞానశాస్త్ర చరిత్రకారుడు 1964లో వ్రాసిన ఒక వ్యాసంలో ఇదే ప్రశ్న వేసుకున్నాడు. కొత్త సమాచారమేదీ లేకుండా కేవలం ఆలోచించి లోకాన్ని గురించి తెలుసుకోవడం ఎట్లా సాధ్యం? మనకు ముందే తెలిసివున్నా మన భావాలలో ఇముడ్చుకోని విషయాలను అది ఎదురుగా నిలబెడుతుందని ఆయన సమాధానపు సారాంశం. శతాబ్దాల తరబడి గబ్బిలాలు గుళ్ళలో వేలాడుతూనే వున్నాయి, మనుషులు గుళ్ళ బయట నిలబడుతూనే వున్నారు. రెంటినీ ఒకే వాక్యంలో పెట్టి చూసేదాకా ఆ రెండు నిజాలూ ఒకదానికొకటి తగలలేదు.

ఇదే పోలికను చేతలలో చూపినది 1927 మార్చి 20న జరిగిన మహద్ సత్యాగ్రహం. చౌదార్ చెరువులో పశువులు నీళ్ళు తాగవచ్చు, మనిషి తాగరాదు. ప్రజా జలాశయాలు అందరివని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ పురపాలక సంఘం ఆ తీర్మానాన్ని తనదిగా చేసుకున్నది. అయినా ఎవరూ నీరు ముట్టుకోలేకపోయారు. అంబేద్కర్ వెళ్ళి దోసిలి పట్టాడు. తరువాత జరిగిన దాడి, ఆ వెనుక ఆ చెరువును 'శుద్ధి' చేసిన తంతు, వాలుబల్ల మీద దొర్లిన గుండ్లలాగా అసలు కొలతను చూపించాయి. తర్కం చెప్పినదాన్ని ఆచరణ నిరూపించింది.

'గబ్బిలం' మీద మన శిబిరంలో వినబడే ఆక్షేపణ ఒకటి వున్నది. చివరికి అది దేవుడికి పెట్టుకున్న అర్జీయే గదా, భూమి మాట ఎక్కడ, పోరాటం మాట ఎక్కడ అని. ఆక్షేపణలో నిజం లేకపోలేదు. కాని అర్జీ ఎవరి పేర వున్నదో చూస్తే చాలదు, అర్జీ ఎవరి గుట్టు బయటపెట్టిందో చూడాలి. ఊహాప్రయోగం అబద్ధాన్ని పడగొడుతుంది. ఆ చోట నిజాన్ని నిలబెట్టవలసినది ప్రజలు. ఆ రెండవ పని చెయ్యలేదని మొదటి పనిని తక్కువ చెయ్యడం, వాలుబల్ల ఎక్కడని గెలీలియో రాళ్ళను తిట్టడం వంటిది.

అయితే ఆ రెండవ పని ఎంత మిగిలివున్నదో కూడా చెప్పుకోవాలి. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది; 1950లో రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం దృష్టిలో గబ్బిలం వెళ్ళిన చోటికల్లా మనిషి వెళ్ళవచ్చు. కాని 1985 జులైలో కారంచేడులో ఏం జరిగింది? దళితులు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగడాన్ని ఒక దళిత మహిళ ప్రశ్నించింది. మరునాడు, జులై 17న, వాడ మీద పడి ఆరుగురిని చంపారు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పశువు, మళ్ళీ మనిషి! మహద్‌లో పశువు తాగిన నీరు మనిషి తాగరాదన్నారు. కారంచేడులో మనిషి తాగే నీటిని పశువు కోసం పాడుచేయవద్దనరాదన్నారు. గుడి తలుపు తెరిచినా భూమి చేతులు మారలేదు గనక పెత్తనం చేతులు మారలేదు. జాషువా ప్రయోగం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మనం సాగించవలసిన ప్రయోగం ఇది: గబ్బిలం ఎగిరే దారిలో గుడి బదులు పొలం గట్టును పెట్టి చూడాలి.

ఊహాప్రయోగం మన సాహిత్యంలో జాషువాతో మొదలు కాలేదు. పంతొమ్మిదవ శతాబ్దం చివరలో వీరేశలింగం వ్రాసిన 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'లో ఆడుమళయాళం అనే దేశం వున్నది. అక్కడ స్త్రీలదే ప్రభుత్వం. మగవాళ్ళకు ఘోషా, మగవాళ్ళకే ధర్మపన్నాలు. ఆచారాలు అవే, మోసేవాళ్ళు మాత్రం మారారు. స్త్రీల మీద పెట్టినప్పుడు ప్రకృతి ధర్మంగా కనిపించిన కట్టు మగవాడి మెడకు తగిలించగానే అన్యాయంగా కనిపించింది. ఎత్తుగడ గొప్పదే. కాని ఇందులో ఒక ప్రమాదం వున్నది. పాఠకుడు 'ఆడవాళ్ళు ఏలితే ఎంత విడ్డూరం!' అని నవ్వుకుని, తన ఇంటి సంగతి మరచిపోయి పుస్తకం మూసెయ్యవచ్చు. తలకిందులు చేసిన లోకం తన లోకానికి అద్దమని గ్రహించకపోతే ప్రయోగం విఫలమే.

1905లో మద్రాసునుంచి వెలువడే ఇంగ్లీషు స్త్రీల పత్రికలో బెంగాలీ రచయిత్రి రొకేయా హుస్సేన్ ప్రకటించిన 'సుల్తానా కల' ఈ ప్రమాదాన్ని దాటింది. అక్కడా మగవాళ్ళు ఇళ్ళలోనే వుంటారు. కాని ఆమె తిరగవెయ్యడంతో ఆగక, కారణం అడిగింది. పిచ్చివాళ్ళు వీధిలో పడి హాని చేస్తుంటే వాళ్ళను కట్టడి చేస్తారు గాని, బాగున్నవాళ్ళను లోపల పెట్టి తాళం వేస్తారా? మగవాళ్ళ వల్ల భయమున్నదని ఆడవాళ్ళను మూసిపెట్టడంలోని న్యాయం ఇదే గదా! వీరేశలింగం విడ్డూరాన్ని చూపాడు. రొకేయా వైరుధ్యాన్ని చూపింది. విడ్డూరానికి నవ్వి వెళ్ళిపోవచ్చు. వైరుధ్యానికి జవాబు చెప్పక తప్పదు.

చివరగా పల్నాటివాణ్ణి గనక బ్రహ్మనాయుడి చాపకూడును గురించి ఒక్క మాట. సకల కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడనీ, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేపట్టాడనీ పల్నాటి కథ చెబుతుంది. కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో జరిగే వీరారాధన ఉత్సవాలలో చాపకూడును ఇప్పటికీ జరుపుతారు. దీన్ని తలచుకుని గర్వించడం మనకు అలవాటు. గర్వించవలసిందే. కాని విద్యార్థులకు నేనిచ్చే అభ్యాసం ఒకటి వున్నది: చాప చుట్టేసిన తరువాతి గంటను ఊహించండి. లేచినవాళ్ళలో ఎవరు ఏ దారిన వెళ్ళారు? ఎవరి ఇల్లు ఎక్కడ వున్నది? ఆ అన్నం వండిన బియ్యం ఎవరి గాదెలోది, ఎవరి రెక్కల కష్టం? ఏడాదికి ఒక పూట పరిచిన చాపను ఏడాది పొడుగునా చుట్టకుండా వుంచాలంటే వూరిలో ఏమేమి మారాలి? ఈ ప్రశ్నలు వేసుకున్నప్పుడు చాపకూడు ఉత్సవంగా గాక కార్యక్రమంగా కనబడడం మొదలుపెడుతుంది.

కాబట్టి ఊహను బహిష్కరించమనే మిత్రుడికి నా మనవి ఇది. ఊహలన్నీ ఒకటి కావు. ప్రతి ఊహాప్రయోగాన్నీ నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఏం మార్చావు? ఏం దాచావు? ఫలితాన్ని నీ ఇష్టం నడిపిందా, నియమం నడిపిందా? బయటపడిన వైరుధ్యం ఎవరికి ఇబ్బంది? డాక్టర్ల ప్రశ్నను ఇట్లా అడిగితే అది కూలిపోతుంది. గబ్బిలాన్ని ఇట్లా అడిగితే అది నిలబడుతుంది. వున్నది వున్నట్లు వ్రాయమంటున్నారు, మంచిదే. కాని వున్నది ఎందుకట్లా వున్నదో తెలియాలంటే, అట్లా లేకపోతే ఏమవుతుందో అడగక తప్పదు. అన్యాయాన్ని సహజమని చూపేవాడికి అన్నిటికంటె గిట్టని ప్రశ్న అదే.

నా విద్యార్థికి ఈసారి తరగతిలో జవాబు చెప్పాను. ఊహ సాక్షి కాదు. కాని సాక్షిని నిలదీసే వకీలు. సాక్ష్యం మన కళ్ళు చెప్పాలి, మన చేతులు చెప్పాలి. అతను కొంచెంసేపు ఆలోచించి, "అయితే సార్, మా వూరి గుడిలో కూడా గబ్బిలాలున్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు చూసివస్తాను, లోపలికి ఎవరెవరు పోతున్నారో" అన్నాడు.

పాఠం అతనికి అర్థమైందని నాకు తెలిసింది.